మొక్కల అక్వేరియంలో గుంపు చేపలు: ఖాళీ ట్యాంకు నుంచి నిండు గుంపు దాకా

నియాన్ టెట్రా, ఎంబర్ టెట్రా, హార్లెక్విన్ రాస్బోరా లాంటి చిన్న చేపలు ఒంటరిగా బతకడానికి పుట్టినవి కావు. చుట్టూ తమ జాతి చేపలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టే వాటి రంగు, ఆకలి, ధైర్యం ఉంటాయి. జాతికి రెండు చొప్పున ఐదారు జాతులు కలగాపులగంగా తెస్తే అన్నీ మూలల్లో నక్కుతాయి, రంగు వెలిసి కనిపిస్తాయి, బలమైనవి బలహీనమైన వాటిని తరుముతాయి. అన్ని చేపలూ ఒకే జాతివైతే అదే ట్యాంకు కళకళలాడుతుంది. అందుకే ఈ మార్గదర్శి మొత్తం ఒక్క గుంపు కోసం రాశాం: 60 సెం.మీ. పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న ట్యాంకు, నిండా మొక్కలు, అందులో ఒకే జాతి చేపలు పది పన్నెండు. ట్యాంకు అమర్చిన రోజు నుంచి చేపలు దింపే దాకా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది.

ముందు చేపను ఎంచుకోండి, తర్వాతే ట్యాంకు

చేప ఏదో తేలితే నీళ్లు, వేడి, మొక్కలు అన్నీ దాన్ని బట్టి కుదురుతాయి. 60 సెం.మీ. ట్యాంకుకు తగినవి ఇవి:

- ఎంబర్ టెట్రా: 2 సెం.మీ. నిప్పుకణిక రంగు. 23–28 డిగ్రీలు. 12 నుంచి 15 పెట్టవచ్చు. మొదటిసారి పెంచేవారికి మేము ముందుగా చెప్పేది దీన్నే.
- హార్లెక్విన్ రాస్బోరా: 4.5 సెం.మీ. 22–27 డిగ్రీలు. 8 నుంచి 10. గట్టి చేప, చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది.
- నియాన్ టెట్రా: 3.5 సెం.మీ. 21–25 డిగ్రీలు. 10 నుంచి 12. అందరికీ తెలిసిన చేపే, కానీ కొత్తగా సిద్ధమైన ట్యాంకులో మొదట చనిపోయేది కూడా ఇదే.
- కార్డినల్ టెట్రా: నియాన్‌కు దగ్గరి చుట్టం. ఎర్ర చార తల దగ్గర నుంచి తోక దాకా సాగితే కార్డినల్, ఒంటి నడుమ నుంచి మొదలైతే నియాన్. రియో నెగ్రో, ఒరినోకో నదుల ఎగువ నీళ్ల చేప కాబట్టి 24–28 డిగ్రీల వెచ్చదనం కావాలి.
- చిల్లీ రాస్బోరా: బోర్నియో చేప, 2 సెం.మీ. మెత్తని నీళ్లు, చాలా సన్నని మేత కావాలి. రెండో ట్యాంకుకు ఉంచుకోండి.

రమ్మీనోజ్ టెట్రా, జీబ్రా డానియో 90 సెం.మీ. ట్యాంకు చేపలు. ఇవి ఈదే వేగానికి 60 సెం.మీ. అంటే నాలుగడుగుల గది లాంటిది. టైగర్ బార్బ్, సెర్పే టెట్రా గుంపుగానే తిరుగుతాయి గానీ పక్క చేపల రెక్కలు కొరికేస్తాయి. ఏంజెల్ చేప చిన్నప్పుడు నియాన్‌లతో కలిసిపోయినట్టే కనిపిస్తుంది, పెరిగాక వాటినే మింగుతుంది. ప్రకృతిలో నియాన్ దానికి ఆహారమే మరి.

గుంపు గురించి ఒక మాట. చేపలన్నీ రోజంతా ఒకే ముద్దలా, ఒకే వైపు తిరుగుతుంటే చూడ్డానికి బాగుంటుంది. కానీ చాలా జాతుల్లో అది భయానికి గుర్తు. నిమ్మళంగా ఉన్న గుంపు వదులుగా విడిపోయి, మొక్కల మధ్య మేస్తూ, ఏదైనా నీడ కదిలితే క్షణంలో దగ్గరికి చేరుతుంది. రమ్మీనోజ్ మాత్రం హాయిగా ఉన్నా బిగువుగానే తిరుగుతుంది.

ట్యాంకు, సామాను

60×30×36 ట్యాంకులో లెక్క ప్రకారం 65 లీటర్లు పడతాయి. అడుగు మట్టి, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే నికరంగా మిగిలేది సుమారు 50–55 లీటర్లు. మందులైనా ఎరువులైనా ఈ నికర లెక్క మీదే కొలవండి. నిండిన ట్యాంకు దాదాపు 80 కిలోలు తూగుతుంది. మట్టసంగా ఉన్న గట్టి స్టాండు మీద, అడుగున పలచని ఫోమ్ షీటు పరిచి పెట్టండి. ఎండ నేరుగా పడే కిటికీ దగ్గర పెడితే పాచితో వేగలేరు.

ఫిల్టరు గంటకు 250–350 లీటర్లు తిప్పేది చాలు. అంతకంటే బలమైనది పెడితే ఈ చిన్న చేపలు రోజంతా ప్రవాహానికి ఎదురీదుతూ అలసిపోతాయి. నీళ్లు పీల్చే గొట్టం మూతికి సన్న రంధ్రాల స్పాంజి తొడగండి. 2 సెం.మీ. చేప ఆ గొట్టంలోకి సులువుగా వెళ్లిపోతుంది. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు కూడా ఈ ట్యాంకుకు నిక్షేపంగా సరిపోతుంది.

హీటరు లీటరుకు ఒక వాట్ లెక్కన 50 వాట్లది. గది బాగా చల్లబడే చోట 75. వేడి ఎక్కువయ్యే చోట నీటి మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెడితే నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు రోజూ నింపుతుండాలి. లైటు 1000–1500 ల్యూమెన్ల ఎల్‌ఈడీ చాలు, దానికి టైమరు తప్పనిసరి. ట్యాంకుకు మూత ఉండాలి, ఈ చేపలు బెదిరితే ఎగిరి బయటపడతాయి. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్లేలా చూడండి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది.

అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ కొలిచే ద్రవ పరీక్ష కిట్టు కొనండి. లైటు విషయంలో రాజీ పడినా ఫర్వాలేదు, దీని విషయంలో వద్దు.

అడుగు మట్టి, మొక్కలు

అడుగు మట్టి ముందు 4 సెం.మీ., వెనక 8 సెం.మీ. ఉండేలా వాలుగా పోయండి. సగటున 6 సెం.మీ. వేసుకుంటే దాదాపు 11 లీటర్ల మట్టి పడుతుంది. దారులు రెండు. మొదటిది అక్వా సాయిల్, అంటే మొక్కల ట్యాంకుల కోసం గుళికలుగా చేసి అమ్మే మట్టి. ఇందులో పోషకాలు ఉంటాయి, పీహెచ్‌ను కాస్త దించుతుంది, టెట్రాలకు మంచిది. అయితే ఈ మట్టిలో చాలా రకాలు మొదటి వారాల్లో అమ్మోనియా వదులుతాయి. రెండోది 1–3 మి.మీ. గులక లేదా ఇసుక. దీన్ని నీళ్లు తేటపడే దాకా కడగాలి, వేళ్ల దగ్గర ఎరువు బిళ్లలు గుచ్చాలి. అక్వా సాయిల్‌ను మాత్రం కడగకూడదు, గుళికలు చిదిగి బురదవుతుంది. రంగు ఏదైనా ముదురుదే తీసుకోండి. తెల్లని అడుగు మీద ఈ చేపలు బెదిరి రంగు తగ్గించుకుంటాయి.

మొక్కల విషయంలో ఎక్కువమంది చేసే తప్పు తక్కువ నాటడం. నాలుగు కట్టలు పెట్టి అవే పెరుగుతాయిలే అని వదిలేస్తే, అవి పెరిగేలోపు పాచి పెరుగుతుంది. మొదటి రోజే అడుగు వైశాల్యంలో మూడింట రెండు వంతులు మొక్కలే ఉండాలి. వాటిలో సగానికి పైగా వేగంగా పెరిగేవి కావాలి: లిమ్నోఫిలా, హైగ్రోఫిలా, వాలిస్నేరియా, హార్న్‌వర్ట్. ఇవి అమ్మోనియాను నేరుగా పీల్చుకుంటాయి కాబట్టి మొదటి నెల మీ ట్యాంకుకు కాపలాదార్లు. తర్వాత ఇష్టమైతే సగం తీసేయవచ్చు.

నాటే ముందు మట్టి తడిసి, పైన రెండు వేళ్ల నీరు నిలిచేలా పోయండి. కాడ మొక్కలను కట్టలా గుచ్చకండి. ఒక్కో కాడ కింది ఆకులు తుంచి, పొడవాటి పట్టకారుతో 3 సెం.మీ. లోతుకు, కాడకూ కాడకూ 2 సెం.మీ. దూరంలో గుచ్చండి. జావా ఫెర్న్, అనూబియాస్‌లకు అడ్డంగా సాగే లావు దుంపకాడ ఉంటుంది. దాన్ని పాతితే కుళ్లిపోతుంది, దారంతో కర్రకో రాయికో కట్టండి. క్రిప్టోకోరైన్ నాటిన వారం పది రోజుల్లో ఆకులన్నీ కరిగిపోతే పీకేయకండి. వేరు బతికే ఉంటుంది, కొత్త నీటికి తగిన కొత్త ఆకులు రెండు మూడు వారాల్లో వస్తాయి.

మొక్కలు ఎక్కడ పెట్టాలో గుంపే చెబుతుంది. వెనక, రెండు పక్కల దట్టంగా నాటి, ముందు నుంచి మధ్య దాకా ఈదడానికి ఖాళీ వదలండి. పరుగెత్తి దాక్కునే చోటు కళ్లెదుట ఉంటేనే చేప ధైర్యంగా ఖాళీలోకి వస్తుంది. పైన మూడో వంతు నీటిని తేలే మొక్కలతో కప్పితే వెలుతురు మెత్తబడుతుంది. ఆ ఒక్క మార్పుతోనే టెట్రాల రంగు మరుసటి రోజుకు చిక్కబడటం చూడవచ్చు. తేలే మొక్కలు త్వరగా ముసురుకుంటాయి. తీసేసినవి చెరువులో, కాలువలో వేయకండి, ఎండబెట్టి ఎరువు కుప్పలో వేయండి.

మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ అందించే సీఓ2 సిలిండరు ఈ ట్యాంకుకు అక్కర్లేదు. పైన చెప్పిన మొక్కలన్నీ అది లేకుండానే పెరుగుతాయి. మొదటి ట్యాంకులో గ్యాసు కాస్త ఎక్కువైతే ఒక్క పూటలో గుంపంతా పోతుంది.

నీళ్లు

పీహెచ్ 6–7.2, జీహెచ్ (నీటి మొత్తం కాఠిన్యం) 3–8, కేహెచ్ (పీహెచ్ మారకుండా ఆపే కార్బొనేట్ కాఠిన్యం) 1–5 మధ్య ఉంటే పై చేపల్లో చాలావాటికి బాగుంటుంది. మీ నీటి జీహెచ్ 16 ఉంటే ఆర్ఓ నీళ్లు సగానికి సగం కలపండి, 8 అవుతుంది. ఖనిజాలు కలపని ఆర్ఓ నీటినే పూర్తిగా వాడకండి. అందులో మొక్కలకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం ఉండవు, పీహెచ్‌ను నిలబెట్టే కేహెచ్ కూడా ఉండదు. పీహెచ్ దించే ద్రవాలు కొని పోయడం మరీ చెడ్డది. నీటిలో కేహెచ్ ఉన్నంతకాలం పీహెచ్ మళ్లీ పైకి వస్తుంది, మీరు మళ్లీ పోస్తారు. ఆ ఊగిసలాటే చేపను చంపుతుంది. పీహెచ్ 7.5 దగ్గర నిలకడగా ఉంటే, ట్యాంకుల్లో పుట్టి పెరిగిన ఎంబర్‌లు, హార్లెక్విన్‌లు అలవాటు పడతాయి.

కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటే దాన్ని విరిచే మందు, డీక్లోరినేటర్, వేయాలి. ఒక రోజు తెరిచి ఉంచితే క్లోరిన్ పోతుంది గానీ, క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్లోరమైన్ పోదు. మీ నీటిలో ఏది కలుపుతారో తెలియకపోతే రెండింటికీ పనిచేసే మందే వాడండి.

సైక్లింగ్: చేపలు లేని వారాలు

చేప వదిలే వ్యర్థాలు, మిగిలిన మేత అమ్మోనియాగా మారతాయి. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ విషాలే. నైట్రేట్ కొద్ది మోతాదులో హాని చేయదు, పైగా మొక్కలకు ఆహారం. ఈ బ్యాక్టీరియా ఫిల్టరు స్పాంజిలో, మట్టిలో స్థిరపడటానికి వారాలు పడుతుంది. అలా స్థిరపడేలా చేయడమే సైక్లింగ్. కొత్త ట్యాంకులో చేపలు మూడో రోజు నుంచి ఒక్కొక్కటే చనిపోతే, చేపలు మంచివి కావని నింద వేస్తారు. చాలాసార్లు అసలు కారణం ఈ బ్యాక్టీరియా లేకపోవడమే.

చేయాల్సింది ఇది. ఫిల్టరు, హీటరు నడిపించి 26 డిగ్రీల దగ్గర ఉంచండి. లైటు రోజుకు 6 గంటలే. ముందు అమ్మోనియా కొలవండి, అక్వా సాయిల్ వేస్తే అది ఇప్పటికే ఉండవచ్చు. లేకపోతే 2 పీపీఎం (లీటరు నీటికి 2 మిల్లీగ్రాములు) వచ్చేలా వేయండి. స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్ అయితే 55 లీటర్లకు సుమారు 0.35 గ్రాములు. అంత తక్కువ తూచడం కష్టం కాబట్టి 3.5 గ్రాములు 100 మి.లీ. నీటిలో కరిగించి, అందులోంచి 10 మి.లీ. పోయండి. సువాసనలు, సబ్బు కలిసిన శుభ్రపరిచే అమ్మోనియా వాడకూడదు.

రెండు రోజులకోసారి కొలిచి రాసుకోండి. మొదట అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పెరుగుతుంది. తర్వాత నైట్రైట్ రోజుల తరబడి కిట్టు రంగు చివరి గీతకు అంటుకుపోయి కదలదు. ఎక్కువమంది ఓపిక చచ్చేది ఇక్కడే. ఇది మామూలే, రెండో రకం బ్యాక్టీరియా నెమ్మదిగా పెరుగుతుంది. అమ్మోనియా సున్నా అయినప్పుడల్లా మళ్లీ 1 పీపీఎం వరకు వేస్తుండండి. పీహెచ్ 6 కంటే కిందికి పడితే ఈ పని దాదాపు ఆగిపోతుంది, అప్పుడు సగం నీళ్లు మార్చండి. ఆరోగ్యంగా నడుస్తున్న పాత ట్యాంకు నుంచి స్పాంజి ముక్క దొరికి మీ ఫిల్టరులో పెట్టగలిగితే వారాలు రోజులవుతాయి.

2 పీపీఎం అమ్మోనియా వేసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ట్యాంకు సిద్ధం. అరవై శాతం నీళ్లు మార్చి నైట్రేట్‌ను 20 పీపీఎం లోపుకు దించండి. నీళ్లు తేటగా ఉండటం దేనికీ రుజువు కాదు, అమ్మోనియాకు ఆ మోతాదులో రంగూ ఉండదు, వాసనా తెలియదు.

చేపలు తేవడం, దింపడం

అంగడి ట్యాంకు ముందు పది నిమిషాలు నిలబడండి. రెక్కలు విప్పి ఈదుతున్నాయా, పొట్ట లోపలికి పోయిందా, ఒంటి మీద ఉప్పు గింజల్లాంటి తెల్ల చుక్కలు ఉన్నాయా చూడండి. నియాన్ చారలో ఎక్కడైనా తెల్లబారిన మచ్చ ఉంటే ఆ ట్యాంకు చేప ఒక్కటి కూడా వద్దు. అది నయం కాని నియాన్ జబ్బు కావచ్చు. చేపలు అదే రోజు దిగుమతై ఉంటే వారం ఆగి వెళ్లండి. మేత వేసి చూపించమని అడగండి, తినే చేప బతికే చేప.

వీలుంటే 20 లీటర్ల విడి ట్యాంకులో రెండు నుంచి నాలుగు వారాలు ఉంచి గమనించండి. స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి ఒక పైపు ముక్క, గుప్పెడు హార్న్‌వర్ట్ చాలు. ఆ స్పాంజిని ముందే పెద్ద ట్యాంకులో నానబెట్టి సిద్ధం చేసుకోండి. లేకపోతే సైక్లింగ్ కథ అక్కడ మళ్లీ మొదలవుతుంది. ఈ వారాల్లో పెద్ద ట్యాంకు బ్యాక్టీరియా పస్తు పడకుండా రెండు రోజులకోసారి 1 పీపీఎం అమ్మోనియా వేయండి. చేపలు దింపే ముందు రోజు ఆపి, నీళ్లు మార్చి, అమ్మోనియా, నైట్రైట్ సున్నా అని మళ్లీ చూసుకోండి.

దింపే రోజు లైటు ఆపేయండి. కవరు మూసి ఉండగానే 20 నిమిషాలు నీటి మీద తేలనివ్వండి. తర్వాత తెరిచి, ఐదు నిమిషాలకోసారి అర కప్పు ట్యాంకు నీళ్లు పోస్తూ అరగంటలో ముగించండి. వలతో చేపలను తీసి ట్యాంకులో వదలండి, కవరులోని నీళ్లు బయట పారబోయండి. చాలా గంటలు కవరులో ప్రయాణించిన చేపలకు మాత్రం ఈ అరగంట కూడా ఎక్కువే. మూసిన కవరులో సీఓ2 వల్ల పీహెచ్ పడి, అమ్మోనియా ఎక్కువగా హాని తక్కువ రూపంలో ఉంటుంది. తెరవగానే సీఓ2 పోయి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విష రూపం దాదాపు పది రెట్లవుతుంది. కాబట్టి వేడి సమం చేసి, పది నిమిషాల్లో దింపేయండి.

సైక్లింగ్ పై పద్ధతిలో చేస్తే పన్నెండు చేపలను ఒకేసారి దింపవచ్చు, దింపాలి కూడా. మూడేసి చొప్పున తెస్తే ఆ మూడూ ముందు బెదిరిపోతాయి. మొదటి రోజు మేత వద్దు. రెండు మూడు రోజులు మొక్కల వెనకే ఉంటే కంగారు పడకండి. రాత్రి లైటు వేసి చూస్తే నియాన్‌లు పాలిపోయి కనిపిస్తాయి. అది జబ్బు కాదు, చీకట్లో ఆ చార రంగు తగ్గుతుంది, ఉదయానికి తిరిగి వస్తుంది.

మేత

వీటి నోరు ఒక మిల్లీమీటరు అంత. 0.5 మి.మీ. గుళికలు, లేదా వేళ్ల మధ్య పొడి చేసిన ఫ్లేక్స్ వేయండి. వారానికి రెండు సార్లు డాఫ్నియా, సైక్లాప్స్ అనే చిన్న నీటి జీవులను గడ్డకట్టించినవి, లేదా అప్పుడే పొదిగిన ఆర్టీమియా (చిన్న ఉప్పునీటి రొయ్య) పిల్లలను ఇస్తే రంగు తేలుతుంది. రోజుకు రెండు పూటలు, పూటకు రెండు నిమిషాల్లో అయిపోయేంత. వారంలో ఒక రోజు పస్తు. టెట్రాలు నడిమి నీటిలో తింటాయి, పైకి రావడానికి వెనకాడతాయి. అందుకని గుళికలను చిన్న కప్పు ట్యాంకు నీటిలో తడిపి పోయండి, నెమ్మదిగా కిందికి దిగుతాయి.

వారం వారం

కొత్త అక్వా సాయిల్ ట్యాంకులో చేపలు దింపాక మొదటి నెల వారానికి రెండు సార్లు మూడో వంతు నీళ్లు మార్చండి. తర్వాత వారానికోసారి 15 లీటర్లు చాలు. కొత్త నీళ్ల వేడి ట్యాంకు వేడికి రెండు డిగ్రీలకు మించి తేడా ఉండకూడదు. నీళ్లు తీసే ముందు హీటరు ఆపండి, నీటి బయట కాలితే గాజు పగులుతుంది. నెలకోసారి ఫిల్టరు స్పాంజిని, ట్యాంకు నుంచి బయటికి తీసిన నీటిలోనే పిండండి. కుళాయి కింద కడిగితే వారాల తరబడి పెంచిన బ్యాక్టీరియాను క్లోరిన్ చంపుతుంది. స్పాంజి, లోపలి రింగులు అన్నీ ఒకేసారి మార్చకండి. కాడ మొక్కలు పైకి తాకితే సగానికి కత్తిరించి, పై ముక్కలను మళ్లీ గుచ్చండి. ఆకులు పసుపుబారితే ద్రవ ఎరువు సీసా మీద రాసిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి.

ఏది ఎక్కడ తప్పుతుంది

మొదటి వారాల్లో ఆకుల మీద గోధుమరంగు పొడి కొత్త ట్యాంకుల్లో మామూలే. వేలితో తుడిస్తే పోతుంది, నెల రెండు నెలల్లో తగ్గుతుంది. పీచు పాచి వస్తే వెలుతురు ఎక్కువైందని అర్థం. లైటును 8 నుంచి 6 గంటలకు తగ్గించి, చేత్తో తీసి, వేగంగా పెరిగే మొక్కలు ఇంకో కట్ట చేర్చండి. నీళ్లు పచ్చగా మారితే నాలుగు రోజులు లైటు ఆపి ట్యాంకును గుడ్డతో కప్పండి, గాలి పంపు నడవనివ్వండి.

తెల్లవారుజామున చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ తగ్గింది. మొక్కలు కూడా రాత్రంతా ఆక్సిజన్ వాడుకుంటాయి. ఫిల్టరు నీరు పైమట్టాన్ని కదిలించేలా తిప్పండి. పగలు కూడా అలాగే చేస్తుంటే అమ్మోనియా, నైట్రైట్ కొలవండి. ఏదైనా సున్నా కాకపోతే వెంటనే సగం నీళ్లు మార్చి రెండు రోజులు మేత ఆపండి.

తెల్ల చుక్కల జబ్బు కనిపిస్తే వేడిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 28–29కి పెంచి గాలి ఎక్కువ ఇవ్వండి, ఈ జబ్బుకు అమ్మే మందు వేయండి. క్రిమి ఒంటి మీద ఉన్నంతసేపు మందు దాన్ని తాకదు, విడిపోయి నీటిలో ఈదే దశలోనే చస్తుంది. అందుకే చుక్కలు పోయిన రోజే మందు ఆపితే మళ్లీ వస్తుంది, సీసా మీద చెప్పినన్ని రోజులూ కొనసాగించండి. ఈ మందుల్లో తరచూ ఉండే మలకైట్ గ్రీన్ అనే రసాయనాన్ని టెట్రాలు ఎక్కువ తట్టుకోలేవు, వాటికి చాలా మందుల మీద సగం మోతాదే రాసి ఉంటుంది, చదవండి. నోటి చుట్టూ దూది లాంటి తెలుపు వేరే జబ్బు కావచ్చు. దానికి వేడి పెంచితే ఇంకా వేగంగా ముదురుతుంది.

పాచి లేదు, జబ్బు లేదు, నీళ్లు బాగున్నాయి, అయినా చేపలు మూలనే ఉన్నాయంటే మూడు చూడండి: సంఖ్య తక్కువా, వెలుతురు ఎక్కువా, ఖాళీ పక్కనే దాక్కునే మొక్కలు లేవా. ఎక్కువసార్లు మొదటిదే కారణం.

గుంపు కుదిరిన రెండు నెలల తర్వాత కావాలంటే ఆరు పిగ్మీ కోరిడోరాస్ చేర్చండి. అవి 2.5 సెం.మీ. చేపలే, అడుగున, నడిమి నీటిలో తిరుగుతాయి, వాటి మీసాలకు ఇసుక ఉన్న చోటు కావాలి. చిన్న టెట్రాలు బాగా చూస్తే మూడు నుంచి ఐదేళ్లు బతుకుతాయి. ఏళ్లు గడిచి గుంపు ఎనిమిది కంటే తగ్గినప్పుడు అదే జాతి కొత్త చేపలను విడి ట్యాంకులో నాలుగు వారాలు ఉంచి కలపండి. పాతవి వాటిని అదే రోజు గుంపులో చేర్చుకుంటాయి.